ఫోనుకు అవతలి మనిషి



తొమ్మిదో తరగతి ఇంగ్లిష్‌లో స్పీకింగ్ స్కిల్స్ కింద డిబేట్ పెడతాం. ఏటా దాదాపు అవే టాపిక్‌లు: టీవీ మంచిదా చెడ్డదా, యూనిఫాం కావాలా వద్దా. పిల్లలు యూట్యూబ్‌లో చూసి వచ్చి అప్పజెప్పేస్తారు. అందుకని ఈసారి టాపిక్ వాళ్లనే అడిగాను. వెనక బెంచీ నుంచి ఒకడు “బండి నడుపుతూ సెల్‌ఫోన్, మేడం” అన్నాడు. “అందులో డిబేట్ ఏముంది, తప్పే కదా” అంది ముందు బెంచీ. “బ్లూటూత్ పెట్టుకుంటే తప్పు కాదుగా” అని వాడు. క్లాసు దానంతటదే రెండు టీములైపోయింది.

వారం టైం ఇచ్చాను. చదవాల్సిన కాగితాలు కొన్ని నేనే ప్రింట్ తీసి ఇచ్చాను. “హ్యాండ్స్ ఫ్రీ ఫోన్‌ను కూడా నిషేధించాలి” అన్నది మోషన్.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 184 ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి చెబుతుంది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో, రెడ్ లైట్ దాటిపోవడంతో పాటు చేత్తో పట్టుకునే ఫోను వాడటం కూడా అందులో చేరింది. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తర్వాత 2020 అక్టోబరు నుంచి కేంద్ర రూల్స్‌లో ఒక చిన్న మినహాయింపు వచ్చింది: డ్రైవర్ దృష్టి చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోవచ్చు. “చేత్తో పట్టుకునే” అన్న మాటనే బ్లూటూత్ టీము గట్టిగా పట్టుకుంది. చెయ్యి స్టీరింగ్ మీదుంది, కళ్లు రోడ్డు మీదున్నాయి, ఇక తప్పెక్కడ అని.

అవతలి టీము 1997 నాటి టొరంటో పరిశోధన తెచ్చింది. రెడెల్‌మెయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు, కారులో ఫోను ఉండి ప్రమాదం చేసిన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తీసి, ఏ నిమిషంలో ఎవరు మాట్లాడుతున్నారో చూశారు. మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 4 రెట్లు పెరిగింది. హ్యాండ్స్ ఫ్రీ వాడినవాళ్లకు దానివల్ల కలిసొచ్చిందేమీ కనపడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆసుపత్రికి వచ్చిన డ్రైవర్ల మీద చేసిన అధ్యయనంలోనూ ఇంచుమించు అదే తేలింది.

బ్లూటూత్ టీము ఊరుకోలేదు. అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లు లారీల్లో కెమెరాలు పెట్టి, నిజం రోడ్డు మీద డ్రైవర్లు ఏం చేస్తున్నారో రికార్డు చేశారు. 2009లో వాళ్లు చెప్పిందేమిటంటే, మెసేజ్ టైప్ చేస్తే ప్రమాదానికి దారితీసే అవకాశం 23 రెట్లు, హ్యాండ్స్ ఫ్రీలో మాట్లాడితే మాత్రం పెరగలేదు. మెసేజ్ టైప్ చేసేటప్పుడు 6 సెకన్లలో 4.6 సెకన్లు కళ్లు రోడ్డు మీద లేవని కూడా అందులోనే ఉంది. ఈ లెక్కను పిల్లలు మన స్పీడుకు మార్చారు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఐదు సెకన్లు తల దించితే 55 మీటర్లు. అదెంతో చూద్దామని టేపు పట్టుకుని బయటికి వెళ్లారు. మన గ్రౌండ్ చాలలేదు. గేటు దాటాల్సి వచ్చింది, వాచ్‌మన్ దాటనివ్వలేదు.

నన్నడిగితే రెండు టీములూ నిజమే చెప్పాయి. టైప్ చేయడం గురించి ఎవరికీ వాదన లేదు. మాట్లాడటం దగ్గరే శాస్త్రవేత్తలకూ ఏకాభిప్రాయం లేదు. అప్పుడే బ్లూటూత్ టీము లీడర్ అసలు బాణం తీశాడు: “మరి పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడటం కూడా బ్యాన్ చేస్తారా?”

క్లాసు నిశ్శబ్దమైపోయింది. మామూలుగా నోరు తెరవని ఒకమ్మాయి లేచింది. సగం ఇంగ్లిష్, సగం తెలుగు. “నేను డాడీ వెనక కూర్చుని మాట్లాడుతుంటా మేడం. లారీ వస్తే నేనే ఆపేస్తా. ఫోన్‌లో ఉన్నవాళ్లకి లారీ కనపడదు కదా.” గ్రామర్‌కి మార్కు తగ్గించాల్సిన వాక్యాలు. తగ్గించబుద్ధి కాలేదు. యూటా యూనివర్సిటీలో 2008లో సిమ్యులేటర్ మీద సరిగ్గా దీన్నే పరీక్షించారు. పక్కన కూర్చున్న మనిషి ట్రాఫిక్ ఎక్కువైతే మాట తగ్గిస్తాడు, లేదా ఆ ట్రాఫిక్ గురించే మాట్లాడతాడు. ఫోనులో ఉన్న మనిషికి అదేమీ తెలియదు, తన ధోరణిలో తాను చెప్పుకుపోతాడు. ఫోనులో మాట్లాడుతున్న డ్రైవర్లు ఆగమన్న చోట ఆగకుండా దాటిపోవడం కూడా చాలా ఎక్కువ. ఆ పేపరు నేను ప్రింట్ ఇవ్వలేదు. ఆ పిల్లకు అది స్కూటీ వెనక సీటు నేర్పింది.

ఆమె మాట విన్నాక ఇంకొకటి అడిగాను. వెనక కూర్చుని, నడిపేవాళ్ల చెవి దగ్గర ఫోను పట్టుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? చాలా చేతులు లేచాయి. సిగ్గుతో కాదు, కాస్త గర్వంగానే. ఒకడైతే హెల్మెట్ సందులోకి ఫోను ఎలా దూర్చాలో చేసి చూపించాడు. “మమ్మీకి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు నేనే చదివి రిప్లై ఇస్తా” అంది మరో అమ్మాయి. ఇందులో నాకు అభ్యంతరం లేనిది ఒక్కటే. బండి నడిచేటప్పుడు పిల్లలే ఫోను ఎత్తి, “డాడీ బండి మీద ఉన్నారంకుల్, తర్వాత చేస్తారు” అని పెట్టేస్తే చాలా బాగుంటుంది. చెవి దగ్గర పట్టుకునే పని మాత్రం వద్దు. పిల్ల ఒక చేత్తో పట్టుకోవాల్సింది బండిని.

ఇక మా ఇంటి సంగతి రాయాలి. రాయవచ్చా అని అన్నయ్యను అడిగే రాస్తున్నాను.

మా అన్నయ్య విజయవాడలో కారు నడుపుతాడు, యాప్ ద్వారా వచ్చే రైడ్లు. తాగడు, స్పీడు వెళ్లడు, సీటు బెల్టు లేకుండా బండి కదపడు. ఫోను డాష్‌బోర్డు మీద స్టాండులో ఉంటుంది, మాటలన్నీ బ్లూటూత్‌లోనే. కిందటేడు ఒక రోజు మధ్యాహ్నం రామవరప్పాడు దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చిన ఒక బైకు అన్నయ్య కారుకు తగిలింది. బైకు మీది కుర్రాడు పడ్డాడు. మణికట్టు విరిగింది. అన్నయ్యే ఆసుపత్రిలో చేర్చి, ఖర్చులో సగం పెట్టుకున్నాడు. పోలీసులు అడిగారు, ఫోను పట్టుకున్నావా అని. లేదు సార్, బ్లూటూత్ అన్నాడు. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. చట్టం అడగగలిగింది అంతే.

ఆ టైంలో అన్నయ్య మాట్లాడుతున్నది అమ్మతో. “తిన్నావా నాన్నా?” అని రోజూ అడిగే ఫోనే. బ్రేకు కీచుమనడం, తగిలిన చప్పుడు, జనం అరుపులు అన్నీ అమ్మకు వినపడ్డాయి. అన్నయ్య కారు దిగి పరిగెత్తాడు, కాల్ కట్ కాలేదు. నేను స్కూల్లో ఉన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికి ఏమైందో తెలియకుండా అమ్మ ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని వంటింట్లో అలాగే కూర్చుండిపోయింది. కట్ చేస్తే మళ్లీ ఎత్తుతాడో లేదో అని భయం. అన్నయ్య గొంతు వినపడేదాకా ఎంతసేపైందని అడిగితే, ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కుర్రాడు వచ్చింది రాంగ్ రూట్లోనే. ఫోను లేకపోయినా తగిలేదేమో, ఆ తీర్పు నేను చెప్పలేను. అన్నయ్య మాత్రం ఒక మాట అంటాడు: “చూశానే. కళ్లతో చూశాను. కానీ కనపళ్లేదు.” డిబేట్ కోసం చదువుతున్నప్పుడు ఈ మాటే నాకు ఇంకోచోట ఎదురైంది. యూటా వాళ్లు డ్రైవర్ల కళ్లు ఎటు చూస్తున్నాయో కొలిచే పరికరం పెట్టి పరీక్షించారు. హ్యాండ్స్ ఫ్రీలో మాట్లాడేవాళ్లు దారిలో ఉన్నవాటిని నేరుగా చూశారు, తర్వాత అడిగితే చాలావాటిని గుర్తుపట్టలేకపోయారు. చూపు ఉంది, ధ్యాస లేదు. క్లాసులో కిటికీ బయటికి చూసే పిల్లలున్నట్టే, బోర్డు వైపే చూస్తూ వినని పిల్లలూ ఉంటారు. టీచర్లకు ఇది కొత్త విషయమేమీ కాదు.

అందుకే ఓటింగ్ ఎలా జరిగినా నేను మోషన్ వైపే. అయితే చట్టం మార్చడం వల్ల పెద్దగా అయ్యేది ఉందనుకోను. చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకున్నవాడు పాట వింటున్నాడో, దారి వింటున్నాడో, మాట్లాడుతున్నాడో చౌరస్తాలో కానిస్టేబుల్ ఎలా కనిపెడతారు? కనిపెట్టగలిగేది ఫోను చేసిన మనిషి ఒక్కరే. ఎత్తగానే వెనక హారన్లు వినపడతాయి.

పేరెంట్ మీటింగ్‌లో ఒక నాన్నగారితో ఇదే విషయం మాట్లాడాను. మందుల హోల్‌సేల్ వ్యాపారం. “మేడం, మీది నెల జీతం. నేను రెండుసార్లు ఎత్తకపోతే ఆర్డరు పక్క షాపుకి పోతుంది” అన్నారు. నిజమే. మా అన్నయ్యదీ అదే బాధ. రైడ్ వస్తే ఒప్పుకోవడానికి కొన్ని సెకన్లే ఇస్తుంది యాప్. ఒప్పుకున్నాక కస్టమర్ ఫోను: “ఎక్కడున్నావ్ బాబూ, మ్యాప్‌లో కదలట్లేదు.” ఎత్తకపోతే క్యాన్సిల్. ఇలాంటివాళ్లకు జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. బండి పక్కకు ఆపి మాట్లాడండి అంటాం, బందరు రోడ్డులో సాయంత్రం ఆరింటికి పక్క అనేది ఎక్కడుంది?

కానీ ఆ నాన్నగారి ఫోను మేం మాట్లాడుతుండగానే రెండుసార్లు మోగింది. రెండుసార్లూ ఇంటి నుంచే. ఒకటి కొత్తిమీర గురించి. ఆయనే నవ్వేశారు.

మా క్లాసు పిల్లలు ఒక వారం పాటు ఇంట్లో గమనించి రాసుకొచ్చిందీ ఇలాగే ఉంది. నడిపేటప్పుడు వచ్చిన ఫోన్లలో వ్యాపారానివి కొన్ని, అర్జెంటువి ఒకటీ అరా. మిగతావి “బయల్దేరావా”, “ఎక్కడిదాకా వచ్చావు”, “పాల ప్యాకెట్ తీసుకురా”. ప్రేమతో చేసినవే అన్నీ. ఈ ఫోన్లు తగ్గించడానికి ఎవరి ఆర్డరూ పోదు.

స్కూలు కూడా ఫోను చేసే మనిషే అని ఇక్కడ చెప్పాలి. బస్సు లేటైతే క్లాసు గ్రూపులో మెసేజ్ పడేది సరిగ్గా మీరంతా రోడ్డు మీద ఉండే వేళలో. ఒకరు “ఏ రూట్ మేడం?” అంటారు, ఇంకొకరు దండం బొమ్మ పెడతారు, అందరి జేబులోనూ ఫోను గిర్రుమంటుంది. ఇంటి బెల్లుకు ముందే, మీరు బయల్దేరకముందే ఆ మెసేజ్ ఒకేసారి పంపితే బాగుంటుందని మా కోఆర్డినేటర్ మేడంను అడిగాను. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో మాట్లాడతానన్నారు. ఈలోగా నా క్లాసు పేరెంట్స్‌కు ఒక విన్నపం. నేను ఫోను చేసినప్పుడు బండి మీద ఉంటే ఎత్తకండి. పిల్లలకు దెబ్బ తగిలిందేమోనని కంగారు పడతారని తెలుసు. అలాంటిదైతే ఇంకో పేరెంట్ నంబరుకు వెంటనే చేస్తాం, ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచీ చేస్తాం. నోట్‌బుక్ గురించైతే సాయంత్రం మాట్లాడుకుందాం.

మా ఇంట్లో ఇప్పుడు అమ్మ పగటిపూట అన్నయ్యకు ఫోను చేయడం మానేసింది. బండి ఆపినప్పుడు అన్నయ్యే మిస్డ్ కాల్ ఇస్తాడు, అమ్మ తిరిగి చేస్తుంది. ప్లాను ఉచితమే అయినా మిస్డ్ కాలే కావాలంది, ఎందుకో. తిన్నావా, తిన్నాను. మాట మధ్యలో రైడ్ మోగితే “పెట్టేస్తున్నా” అంటాడు, ఆమె ఏమీ అనదు. కస్టమర్ల ఫోన్లు మాత్రం ఇదివరకటిలాగే వస్తున్నాయి.