వాసన లేని గ్యాసు, కనబడని మూల

మధ్యాహ్నం రెండింటికి భిలాయి ఉక్కు కర్మాగారంలో షిఫ్టు మారుతుంది. పొద్దున్న ఆరింటికి వెళ్ళినవాళ్ళు బయటికొస్తుంటారు, రాత్రి పదింటిదాకా ఉండేవాళ్ళు లోపలికెళుతుంటారు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, బస్సులు, సరుకు లారీలు అన్నీ గేటు ముందు ఒక్కసారే కలుస్తాయి. లోపల పట్టీ గడ్డం కింద బిగించుకున్న హెల్మెట్‌తో పనిచేసిన కుర్రాడు గేటు దాటగానే దాన్ని తీసి సంచిలో వేసుకున్నాడు. బండి హెల్మెట్ మాత్రం అద్దానికి వేలాడుతూనే ఉంది. అలా వెళ్ళినవాళ్ళు చాలామందే కనిపించారు.

"లోపల అడిగేవోడుంటాడు. బయట ఎవడూ నేడు గదా" అన్నాడు చిన్నాన్న.

టెక్కలి వైపు నుంచి వచ్చి, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి ఫర్నేసు మొదలయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎందరో ఇక్కడికి వలస వచ్చారు. సెక్టార్ 5 బాలాజీ గుడిలోనూ, ఖుర్సీపార్ సందుల్లోనూ ఇప్పటికీ మన యాస చెవిన పడుతుంది. దేశం రైలు పట్టాల్లో అత్యధిక భాగం ఈ ఊళ్ళో తయారైనవే. ఆ పట్టాల వెనకున్న మనుషులు ప్రాణాలు ఎలా కాపాడుకుంటున్నారో తెలుసుకుందామనే నేను వచ్చాను.

చిన్నాన్న ముందు గ్యాసు గురించే చెప్పాడు. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే గ్యాసులో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లు మించి గట్టిగా అతుక్కుంటుంది. కాస్త తలనొప్పి, కాళ్ళలో నీరసం, ఆ తర్వాత మనిషికి తాను ప్రమాదంలో ఉన్నానన్న తెలివి కూడా ఉండదు.

"వాసనొస్తే పారిపోతాం. ఇది రానీదు. మన ముక్కుని నమ్మితే సచ్చిపోతాం. నమ్మాల్సింది డిటెక్టర్నే."

2014 జూన్ 12 సాయంత్రం ఇక్కడ జరిగింది అదే. ఫర్నేసు గ్యాసును నీటితో కడిగి శుభ్రం చేస్తారు. ఆ వ్యవస్థకు నీరందించే పంప్ హౌస్‌లో పైపు దెబ్బతిని నీటి ఒత్తిడి పడిపోయింది. నీరు వెళ్ళాల్సిన దారిన గ్యాసు వెనక్కి వచ్చింది. ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ముప్పై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. నీళ్ళ పంపుల గదిని గ్యాసు ప్రమాదం ఉన్న చోటుగా ఎవరు చూస్తారు? నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. బోర్డు పెట్టిన చోట మనం జాగ్రత్తగానే ఉంటాం. ప్రమాదం అక్కడినుంచే వస్తుందన్న హామీ ఎక్కడుంది?

పడిపోయినవాణ్ణి చూసి కాపాడడానికి పరుగెత్తడం మన స్వభావం. మూసుకుపోయిన గదుల్లో, ట్యాంకుల్లో, మన ఊళ్ళ బావుల్లో కూడా ఒకరి వెనక ఒకరు పోవడానికి కారణం ఆ మంచితనమే. శ్వాస పరికరం తగిలించుకోకుండా లోపలికి అడుగు పెట్టకూడదని, ముందు కేకేసి మనుషుల్ని పిలవాలని నేర్పడమంటే ప్రేమను కాసేపు ఆపుకోమని నేర్పడం. ఒక్క ఉపన్యాసంతో అది రాదు, పదే పదే చేయించాలి.

2018 అక్టోబర్ 9న ఇక్కడే కోక్ ఓవెన్ల దగ్గర గ్యాసు లైను మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచి ఆ రోజే తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో అగ్నిమాపక సిబ్బందీ ఉన్నారు. మన విశాఖ ఉక్కులో 2012 జూన్ 13న ఆక్సిజన్ యూనిట్ పేలుడు 19 మందిని తీసుకుపోయింది. ఆ మాట వచ్చినప్పుడు చిన్నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.

గేటు బయటి ప్రమాదం కూడా చూడమని మర్నాడు నన్నొక లారీల యార్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ బరువు బండ్ల డ్రైవర్లకు నేర్పే ఛత్తీస్‌గఢీ పెద్దాయనను అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన నన్ను టిప్పర్ సీటులో కూర్చోబెట్టి, కుర్రాళ్ళను బండి చుట్టూ ఎక్కడ పడితే అక్కడ నిలబడమన్నాడు. నాకు ముగ్గురే కనిపించారు. దిగి చూస్తే ఏడుగురు! బంపరుకు ఆనుకుని ఇద్దరు, ఎడమ తలుపు పక్కన ఒకడు, వెనక ఒకడు. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కాబట్టి ఎడమ పక్క పెద్ద గుడ్డి మూల. లారీ ఎడమకు తిరగబోతుంటే ఆ సందులోంచి దూరే మోటారు సైకిలు వెనక చక్రాల కిందికే వెళుతుంది.

"లారీ అద్దంలో నీకు డ్రైవర్ మొహం కనిపించకపోతే, వాడికి నువ్వు లేనట్టే" అన్నాడు ఉస్తాద్ హిందీలో.

డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటే ఆయన లెక్కలో ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే అనుకుని దానికి చోటు వదలడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటికి కనబడి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే 25 మీటర్లు దాటిపోయాం. రాత్రి షిఫ్టు చేసి నిద్ర కళ్ళతో వచ్చేవాడికి ఇంకా ఎక్కువ. భిలాయిలోని జీఈ రోడ్డు మీద సుపేలా, పవర్ హౌస్ కూడళ్ళ దగ్గర ముందు బండికి అంత ఎడం వదిలినవాడు నాకు అరుదుగానే కనిపించాడు.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్ళు. భిలాయి పక్కనే కుమ్హారి దగ్గర 2024 ఏప్రిల్ 9 రాత్రి, పని ముగించుకుని ఇళ్ళకు వెళుతున్న కార్మికుల బస్సు ముర్రం గనిలో పడి 12 మంది పోయారు. అది పని ప్రమాదమా, రోడ్డు ప్రమాదమా? ఆ ఇళ్ళవాళ్ళకు రెండూ ఒకటే. గేటు దగ్గర భద్రత బాధ్యతను రెండు ముక్కలు చేయడం తప్పని నా నమ్మకం. కార్మికుడు ఇల్లు చేరాకే షిఫ్టు అయినట్టు.

ఇంకో సంగతి. చిన్నాన్న తరం ఒకే విభాగంలో ముప్పై ఏళ్ళు చేసింది. ఏ పైపు ఎటు పోతుందో వాళ్ళకు నిద్రలోనూ తెలుసు. ఇప్పుడు కాంట్రాక్టు కుర్రాళ్ళు ఈ నెల ఒక చోట, వచ్చే నెల ఇంకో చోట. ఆ తెలివి వాళ్ళకు అందాలంటే అడిగే హక్కు ఉండాలి, అడిగితే పని పోదన్న ధైర్యమూ ఉండాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర, కాంట్రాక్టు పనిలో చేరబోతున్న మనవడికి చిన్నాన్న అదే చెప్పాడు.

"డిటెక్టరు ఎవరి కాడుంది, లైను మూసినోడెవడు, గాలి ఎటు ఈస్తంది. ఈ మూడూ అడక్కుండా పైపు మీద చెయ్యెయ్యకు."

"కాంట్రాక్టరు కోప్పడితే, తాతా?"

"కోప్పడనీ. పన్లోకి రావద్దంటే ఇంటికొచ్చీ. ఆ కూలి నేనిస్తాను."