తార్నాక నుంచి కాచిగూడ దాకా

రాత్రికి కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చిత్తూరుకు తిరిగి వెళ్లాల్సిన జంట హైదరాబాద్‌లో ఆఖరి పగలు ఎక్కడ గడపాలి? చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ అప్పటికే చూసేసి ఉంటారు. వాళ్లు మెట్రోలో తార్నాక వచ్చి, యూనివర్సిటీ రోడ్డు పట్టుకుని నిదానంగా స్టేషన్‌కు చేరాలి. ఈ దారి పొడవునా ఉన్నవి నేటికీ పనిలో ఉన్న కట్టడాలు. ఊరును తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

తార్నాక బస్సుల రద్దీ దాటగానే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చింది. రాగిలో కాల్షియం ఎంత, కందిపప్పులో మాంసకృత్తులు ఎంత అని దేశమంతా తిరగేసే పట్టికలు ఇక్కడ తయారైనవే. సంగటి తిని పెరిగిన చిత్తూరువాళ్లు ఈ గేటు ముందు ఒక్క నిమిషం ఆగాల్సిందే.

ఆ పైన అంతా ఒకనాటి మహలఖా బాయి చందా జాగీరు. ఉర్దూలో గజళ్ల దివాన్ కూర్చిన ఆ కవయిత్రి 1824లో కన్నుమూసింది. ఆమె పేరు చెప్పే మెట్లబావి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.

ఇక ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ. తొందరపడకూడని చోటు ఇది. కట్టే ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు దేశదేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా గీశాడు. 1934లో పునాది పడింది, 1939 డిసెంబర్ 4న నిజాం ప్రారంభించాడు. గ్రానైట్ స్తంభాల్లో ఎల్లోరా గుహల తీరు, పైన ఆర్చీల్లో ఇస్లామీ తీరు. రెంటికీ ఎక్కడా పొసగలేదనిపించదు. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి పుట్టిన ఈ విశ్వవిద్యాలయంలో 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. ఎందరో నాగపూర్ వెళ్లి చదువు ముగించారు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ కోసం పిల్లలు గుమిగూడింది ఈ మెట్ల ముందే. మధ్యాహ్నం ఎండలో వీటి మీద కూర్చుని పరీక్షలకు చదువుకునేవాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది.

అడిక్‌మెట్ దాటి విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి వస్తుంది. రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి, ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ 1953లో ఆడంబరం లేకుండా పెళ్లి చేసుకున్నారు. సాక్షిగా సంతకం పెట్టినవారిలో నెహ్రూ ఒకరు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి రొనాల్డ్ రాస్ పేరుంది. దోమలో మలేరియా క్రిమిని ఆయన కనిపెట్టింది 1897లో, సికింద్రాబాద్‌లో.

కాచిగూడ స్టేషన్ 1916 నాటిది, నిజాం రైల్వే కాలంది. గుమ్మటాలు, మీనార్లు పూర్తిగా కనబడాలంటే రైలుకు గంట ముందే చేరుకుని, సామాను ఒకరికి అప్పగించి, రెండోవారు రోడ్డు అవతలికి వెళ్లి చూడాలి. తర్వాత వంతు మార్చుకోవాలి.