బీప్ అన్నంత మాత్రాన బాంబు కాదు

విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంకి వెళ్తే పేలని జపాన్ బాంబు ఒకటి కనిపిస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద దాడి చేశాయి. అప్పటిదే అది. చాలామంది దాని పక్కన సెల్ఫీ దిగి వచ్చేస్తారు. నాకు మాత్రం ఓ డౌట్ పట్టుకుంది. ఇలాంటిది నేలలోకి దిగిపోతే ఎలా కనిపెడతారు?

చదివితే తెలిసిందేంటంటే, వెతికే మిషన్ బాంబుని చూడదు. ఇనుముని చూస్తుంది. హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు పైనే. కింద ఇనుముంటే ఆ అంకె కొంచెం మారుతుంది. మాగ్నెటోమీటర్ పట్టుకునేది ఆ తేడానే. తుప్పు పట్టిన పైపు, విరిగిన గునపం, బాంబు... దానికి అన్నీ ఒకటే. మా పాతబస్తీలో తిప్పితే అడుగడుక్కీ అరుస్తుంది. నాలుగొందల ఏళ్ల ఊరు మరి!

సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్నే ఫాల్స్ పాజిటివ్ అంటాం.

అందుకే అసలు పని సిగ్నల్ వచ్చాక మొదలవుతుంది. జర్మనీలో బిల్డింగ్ కట్టేముందు రెండో ప్రపంచ యుద్ధంనాటి విమాన ఫొటోల్లో బాంబుగుంతలు వెతుకుతారు. అనుమానం ఉన్నచోట బోర్లు వేసి సెన్సర్ దించుతారు. తర్వాత జాగ్రత్తగా తవ్వుతారు. బయటపడింది బాంబే అయితే ఫ్యూజ్ ఏ రకమో తేల్చుకుని, అప్పుడే చెయ్యి పెడతారు. 2017 సెప్టెంబర్ 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్క బ్రిటిష్ బాంబు కోసం 60 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు. సిగ్నల్‌ని వదిలెయ్యకూడదు. తవ్వి చూడకుండా బాంబని ముద్ర వెయ్యనూ కూడదు. ఈ పనిలో రెండూ ముఖ్యమే.

మా పాతబస్తీకి ఈ రెండో సగం బాగా అవసరం. 2007 మే 18న, శుక్రవారం, మక్కా మసీదులో ఒక బాంబు పేలింది. పేలని రెండింటిని కనిపెట్టి నిర్వీర్యం చేశారు. అవి పేలి ఉంటే ఎంతమంది పోయేవారో. ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ తర్వాత అనుమానంతో పట్టుకెళ్లిన కుర్రాళ్లలో చాలామందిని కోర్టులు నిర్దోషులన్నాయి. అప్పటికే వాళ్ల చదువులు, ఉద్యోగాలు పోయాయి. ఇనుపముక్క విషయంలో చూపించే ఓపిక మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమైపోతుందో!

ఇప్పటికీ అంతే. మొన్న గచ్చిబౌలి వైపు ఓ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లా. బ్యాచిలర్స్‌కి ఓకే అని ఫోన్‌లో ఓనర్‌గారే చెప్పారు. "ఇప్పుడెక్కడ ఉంటున్నారు?" అని అడిగారు.

"శాలిబండ అండీ."

"ఓహో... మేం ఫ్యామిలీస్‌కే ఇద్దామనుకుంటున్నాం బాబూ."

బీప్ వినపడింది, అంతే. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే తెలిసేది, కిందున్నది పాత పైపేనని.