అటక యెక్కిన హార్మోనియము

కొన్నియేండ్ల క్రిందట మేము మా మేనత్తగారితో కలసి ‘మాయాబజార్’ చిత్రమును చూచుచుంటిమి. అభిమన్యుని తల్లి సుభద్ర కనబడగానే ఆమె, “ఈవిడ ఎవరనుకున్నావే? మన బెజవాడ ఆడపడుచు!” అని గర్వముగా పలికిరి. పిదప గొంతు తగ్గించి, “పెళ్లికి ముందు నేనూ హార్మోనియం మీద పద్యాలు పాడేదాన్ని. అత్తవారింట కాలుపెట్టాక దాన్ని అటక ఎక్కించారు” అనిరి. ఆ మాట నేటికిని మమ్ము విడువలేదు.

ఆ సుభద్ర ఋష్యేంద్రమణిగారు. 1917లో విజయవాడలో జన్మించిరి. నాటకరంగమే వారికి పాఠశాల. గాయకనటులు కపిలవాయి రామనాథశాస్త్రిగారితో కలసి పాత్రలు ధరించిరి. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారము’ చిత్రమున సత్యభామ, 1942లో ‘పత్ని’ యందు కణ్ణగి, 1951లో ‘మల్లీశ్వరి’ యందు నాయిక తల్లి, 1957లో సుభద్ర. 2002లో కన్నుమూసిరి.

రంగస్థలగానము సామాన్యవిద్య కాదు. మైకులు లేని దినములలో హార్మోనియపు శ్రుతి నందుకొని, కడపటి వరుసలోని రైతునకు సైతము ప్రతి యక్షరము వినబడునట్లు పద్యమును రాగయుక్తముగా పాడవలెను. ‘వన్స్‌మోర్’ అని కేక వచ్చినచో మరల నదే పద్యము! ఐరోపాలో ఓపెరా యను సంగీతనాటకమున హెచ్చుస్థాయిలో పాడు గాయనిని సొప్రానో యందురు. ఆమె విద్యయు నిట్టిదే. మైకు తోడు లేకయే వాద్యబృందమును మించి వినబడవలెను. అట్టి గాయని నెల్లీ మెల్బా (1861–1931) చిత్రమును ఆస్ట్రేలియావారు తమ నూరు డాలర్ల నోటుపై ముద్రించుకొనిరి.

మన సంగతి యేమి? బాపట్లవారైన స్థానం నరసింహారావుగారు స్త్రీవేషమున సత్యభామయై పాడగా మన పెద్దలు పరవశులై వినిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించినది. అది తగిన గౌరవమే. కాని ఆ పద్యమునే ఇంటి యాడపిల్ల పాడినచో, “సంసారి పిల్లకు ఈ పాటలెందుకు?” అనిరి. 1885లో ఆరంభమైన సురభి నాటకసమాజమువారు స్త్రీపాత్రలను తమ యింటి స్త్రీలచేతనే వేయించిరి. అందువలన వారి సంసారములు చెడలేదు సరికదా, తరతరములుగా విద్య నిలిచినది.

తప్పంతయు పురుషులదే యనజాలము. మేనత్తగారి హార్మోనియమును అటక యెక్కింపుమన్నది వారి యత్తగారే.

మేనత్తగారు నేడు లేరు. ఆ పెట్టెను మేము క్రిందికి దింపించితిమి. తిత్తి చినిగియున్నది, బాగుచేయుటకిచ్చితిమి. ఏబదియేండ్లు మూగవోయిన కంఠమును బాగుచేయువారు మాత్రమెవ్వరు?

సోదరీమణులారా, మన కుమార్తెలందరును రంగమెక్కవలెనని మేమనము. మీ యింటికి వచ్చిన కోడలికి పాట వచ్చునేమో యడుగుడు. వచ్చునన్నచో సాయంకాలమొక గడియ ఆమె చేతిపని మీరందుకొని పాడనిండు.