40 మలుపులు, మూడు రంధ్రాలు

కోయంబత్తూరు నుంచి వాల్పారై నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొల్లాచ్చి దాకా చదునైన దారి, ఇరువైపులా కొబ్బరితోటలు. ఆళియారు ఆనకట్ట దాటగానే కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి పైకి 40 హెయిర్‌పిన్ మలుపులు. మలుపు మలుపుకీ దాని నెంబరు పలక మీద రాసి ఉంటుంది. మా అక్కను టీ తోటలో ఉద్యోగం చేసే బావకు ఇచ్చినప్పటి నుంచి ఆ పలకలు లెక్కపెట్టుకుంటూ ఎన్నిసార్లు ఎక్కి దిగానో నాకే గుర్తు లేదు. బస్సులో వెళ్ళాను, అంబాసిడర్‌లో వెళ్ళాను, ఒకసారి ఎరువుల లారీలో కూడా వెళ్ళాను. నిరుడు జూలైలో మా అన్న కొడుకు స్పోర్ట్స్ కారులో వెళ్ళిన ప్రయాణం మాత్రం మరచిపోయేది కాదు. కారు కింద ఎవరికీ కనబడని ఒక ఉక్కు కడ్డీ ఆ రోజు మా ఇద్దరినీ ఎంతదాకా తెచ్చిందో చెబుతాను.

అబ్బాయి ఇంగ్లండులో ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసి, మానేసి వస్తూ తన కారును కూడా ఓడెక్కించి తెచ్చుకున్నాడు. సుంకం ఎంతయిందని మాత్రం అడగకండి, మా అన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. మాజ్డా వారి ఎమ్‌ఎక్స్ ఫైవ్ అనే బండి అది. 1989లో మొదలుపెట్టి ఇప్పటికీ చేస్తున్నారు. రెండే సీట్లు, మడతపెట్టే గుడ్డ టాపు, ఇంజను ముందు, తిరిగేవి వెనక చక్రాలు. కూర్చుంటే రోడ్డు చేతికి అందుతుందేమో అన్నంత కిందికి ఉంటుంది. నా వయసువాడు అందులో దిగడం తేలికే, బయటికి రావడానికే ఎవరైనా చెయ్యి అందించాలి.

ఊళ్ళో ఉన్న రోజుల్లో వాడి మనసంతా చెట్టిపాళయం మీదే. పోదనూరు దాటి వెళితే కరి మోటార్ స్పీడ్‌వే వస్తుంది. 2 కిలోమీటర్ల పైన ఉన్న రేసు దారి అది. ఒకప్పుడు చిన్న విమానాలు దిగే నేల, 2003లో రేసు ట్రాక్‌గా తెరిచారు. ఆ పేరు కరివర్ధన్‌ది. కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో పుట్టి, మిల్లు లెక్కలు చూసుకోమంటే రేసు కార్లు కట్టినవాడు. చౌకగా దొరికే మన దేశపు ఇంజన్లతో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసి, డబ్బులేని కుర్రాళ్ళు కూడా పోటీకి దిగేలా చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. పదేళ్ళకు, 2005లో, ఇదే ఊరి నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో జోర్డాన్ జట్టు కారు నడిపాడు. నేను కాలేజీ రోజుల్లో మద్రాసు దగ్గర షోలవరం పాత విమాన స్థలంలో రేసులు చూడటానికి రైలెక్కి పోయినవాణ్ణి కాబట్టి, అబ్బాయి పిచ్చిని తప్పు పట్టే అర్హత నాకు లేదు.

ఇక కడ్డీ సంగతి. కారు వేగంగా మలుపు తిరిగితే బయటి పక్కకు ఒరుగుతుంది. టాపు మీద మూటలు వేసిన బస్సు ఘాట్ రోడ్డులో ఎలా ఒరుగుతుందో మనందరం చూసిందే. ఆ ఒరుగుడు తగ్గించడానికి ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య అడ్డంగా ఒక స్ప్రింగు ఉక్కు కడ్డీ వేస్తారు. రెండు చివరలూ వెనక్కి వంచి చేతుల్లా ఉంటాయి. మన మెకానిక్కులు దాన్ని స్టెబిలైజర్ రాడ్ అంటారు. రెండు చక్రాలూ ఒకేసారి గతుకెక్కితే అది తన రబ్బరు బుష్‌లలో తిరిగి ఊరుకుంటుంది. ఒక చక్రం పైకీ ఒకటి కిందికీ పోతే మాత్రం తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, మెలిపడనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపే బండిని నిటారుగా నిలుపుతుంది.

కడ్డీ లావు కొంచెం పెరిగితే బిగువు చాలా పెరుగుతుంది, ఎందుకంటే అది లావు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 వేస్తే సుమారు 46 శాతం బిగువెక్కుతుంది. 24 వేస్తే రెట్టింపు దాటుతుంది. చేతి పొడవుదీ ఇలాంటి లెక్కే. అందుకే రేసు కడ్డీల చేతికి వరసగా మూడు రంధ్రాలు పెడతారు. చక్రం వైపు నుంచి వచ్చే లింకును చివరి రంధ్రంలో బిగిస్తే మెతక, లోపలి రంధ్రంలో బిగిస్తే గట్టి.

ముందుకు లావు కడ్డీ అబ్బాయి అక్కడి నుంచే తెచ్చుకున్నాడు. వెనకది పీళమేడులో ఒక లేత్ పట్టరైలో చేయించాడు. మన వీధుల్లో పంపుసెట్టు నుంచి మిల్లు యంత్రం దాకా చేయలేని వస్తువు లేదు కదా. మేస్త్రికి డెబ్భై ఏళ్ళుంటాయి, తెలుగువాడే. ఉక్కు వంచి, కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నసెగ మీద పదును దించే పనిలో తిరుగులేని చెయ్యి. కొలతలు చూసి ఒక్క ప్రశ్న వేశాడు.

"ఏ రోడ్డు మీద నడుపుతావు నాయనా?"

"ట్రాక్ మీద, తాతా."

"ట్రాక్ మీద సరే. ఇంటికి ఎలా వెళ్తావు?"

అబ్బాయి నవ్వేసి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను.

బిగించిన రోజు నేను పక్కనే ఉన్నాను. లింకుల పొడవు సరిచేసేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద నేలన ఉండాలి, నడిపేవాడి బరువు కూడా సీట్లో ఉండాలి. లేకపోతే కడ్డీ ముందే మెలిపడి కూర్చుంటుంది, ఎడమ మలుపుకొక తీరు, కుడి మలుపుకొక తీరు చూపిస్తుంది. అబ్బాయి కింద పనిలో ఉన్నాడు కాబట్టి డ్రైవరు సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టాం. మా వదిన వాకిట్లోకి వచ్చి ఆ బస్తాలు చూసి, "ఇంతకన్నా బుద్ధిగా నడుపుతాయి అవి" అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు ఆదివారం. చెట్టిపాళయంలో ఉదయం పూట ట్రాక్ అద్దెకు తీసుకున్నాడు. నా చేతికి స్టాప్‌వాచీ, నోటు పుస్తకం ఇచ్చాడు. పద్ధతి మంచిదే: టైర్లలో గాలి ప్రతిసారీ కొలిచి ఒకే తీరున ఉంచాలి, ఒక మార్పు చేశాక అయిదు చుట్లు తిరగాలి, రెండు మార్పులు ఒకేసారి చేయకూడదు. ముందు కడ్డీ గట్టిగా, వెనకది మెతకగా పెట్టి మొదలెట్టాడు. బండి ఒరగడం తగ్గింది కానీ మలుపులో ముక్కు బయటికి పోతోందన్నాడు, స్టీరింగు ఎంత తిప్పినా నేరుగా పోతానంటోందట.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది, మీకూ రావచ్చు. ఒరుగుడు తగ్గిస్తే పట్టు పెరగాలి కదా, ముక్కు జారడమేమిటి? మలుపులో బరువు లోపలి టైరు మీంచి బయటి టైరు మీదికి పోతుంది. కడ్డీ ఆ బరువును తగ్గించలేదు. ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనకవి ఎంత మోయాలి అని పంచుతుంది, అంతే. ఎటు గట్టిగా ఉంటే అటు బయటి టైరు మీద ఎక్కువ పడుతుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. ఇద్దరు కూలీలు మోసే మూటల్లో ఒకడిది తీసి రెండోవాడి నెత్తిన పెడితే ఇద్దరి పనీ ఒకడు చేయలేడు. కాబట్టి ముందు గట్టిదైతే ముందు జారుతుంది, వెనక గట్టిదైతే వెనక జారుతుంది.

మధ్యాహ్నానికి వెనక లింకులు మూడో రంధ్రానికి, అంటే గట్టి రంధ్రానికి వచ్చాయి. బండి ముక్కు చురుగ్గా లోపలికి తిరుగుతోంది, తోక తేలిగ్గా వెంట వస్తోంది. మొదటి చుట్లకూ చివరి చుట్లకూ నా పుస్తకంలో సెకనున్నర తేడా ఉంది. వాడి ముఖం చూడాలి, వెలిగిపోతోంది. ఆ చురుకుదనం ఎండలో కాలిన తారు మీదా, ఎదురు ఎవరూ రాని దారిలోనూ వచ్చిందని ఇద్దరికీ తట్టలేదు.

అక్కకు మోకాలి ఆపరేషనయి నెల. సాయంత్రానికి వస్తామని మాట ఇచ్చాం. భోంచేసి, సామాను సర్దుకుని అలాగే పొల్లాచ్చి రోడ్డెక్కాం. లింకులు మార్చడానికి అరగంట చాలు, ఆ అరగంట మేం పెట్టలేదు. పొల్లాచ్చిలో టీ తాగుతూ వాడికి జి.డి. నాయుడు గారి సంగతి చెప్పాను. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య తిప్పడం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆ కాలపు రోడ్లకు ఎలాంటి స్ప్రింగులు వేసుకున్నాడో అని అబ్బాయి అన్నాడు. రోడ్డును బట్టే బండి అన్న మాట మా నోట్లోనే ఉంది.

ఆళియారు చెక్‌పోస్టు దాటి మంకీ ఫాల్స్ దాకా పొడి. 9వ మలుపు, లోమ్స్ వ్యూ దగ్గర ఆగి కింద ఆనకట్ట నీళ్ళు చూశాం. రోడ్డు వేసిన ఇంజనీరు లోమ్ పేరు ఆ చోటికి పెట్టారు. ఆ రాళ్ళ మీద వరైయాడులు, అంటే నీలగిరి కొండమేకలు, తరచు నిలబడి ఉంటాయి. ఆ రోజు మబ్బే కనబడింది. అట్టకట్టి చేరేసరికి వాన పట్టుకుంది. టాపు మీద చప్పుడుకు మాట వినబడలేదు.

వేగం ఎక్కువేమీ లేదు, పాతిక ముప్ఫై ఉంటుందేమో. అయినా బండి తీరు మారింది. అతుకుల రోడ్డు మీద ఒక చక్రం గుంతలో పడితే గట్టి కడ్డీ ఆ కుదుపును రెండో పక్కకూ అందిస్తుంది, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. నా మెడ నొప్పెట్టింది. మలుపుల్లో లోపలి వెనక చక్రం తేలికై సర్రుమని తిరిగేది. "ఏం లేదు చిన్నాయనా" అన్నాడు. 20 దాటాక ఒక ఎడమ మలుపులో, పొగమంచులోంచి వాల్పారై బస్సు దిగుతూ కనబడింది. అబ్బాయి ఉలిక్కిపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. బరువు ముందుకు పోయింది, వెనక పట్టు వదిలేసింది. తోక కుడివైపుకు, బస్సు దారిలోకి తిరిగింది. నేను చూసింది బస్సు ముందు అద్దం, దాని మీద గీసిన విభూతి రేఖలు. మా ముక్కు కొండ వైపు కాలువలో దిగి ఆగింది. బస్సు మా వెనక డిక్కీకి రెండు బారల దూరంలో ఆగింది.

ఎవరూ కాసేపు కదల్లేదు. డ్రైవరు దిగివచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఈ కొండకు కట్టిన బండి కాదు సార్" అని తమిళంలో అని, కండక్టరుతోనూ మరో నలుగురితోనూ కాలువలోంచి ఎత్తించాడు. ఒక రిమ్ము గీసుకుంది. అబ్బాయి చేతులు వణుకుతున్నాయి, తాళం చెవి రెండుసార్లు కింద పడేశాడు.

నెమ్మదిగా పోతే చాలు, వెళ్ళిపోదాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంకా పదిహేను మలుపులున్నాయి, చీకటి పడుతోంది. కాస్త పైన ఒక టీ బంకు రేకుల కిందికి బండి పోనిచ్చాం. జాకీ ఎత్తి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, వాడు పడుకుని వెనక ఎడమ లింకు ఊడదీశాడు. ఒక పక్క లింకు లేకపోతే కడ్డీ ఉన్నా లేనట్టే. ఊడిన చెయ్యి దేనికీ తగలకుండా బంకువాడి దగ్గర కొబ్బరితాడు తీసుకుని కట్టాం. నేను టార్చి పట్టుకున్నాను. వాన నా వీపు మీద, బురద వాడి వీపు కింద.

తర్వాతి మలుపులో తేడా తెలిసింది. బండి వెనక మెత్తగా ఒరిగింది, ముక్కు కొంచెం బయటికి పోతానంది. పోతానని ముందే చెప్పింది, అది ముఖ్యం. కాలు నెమ్మదిగా తీస్తే దారికి వచ్చింది. తల కొట్టుకోవడమూ తగ్గింది. 40వ పలక దాటేసరికి ఎనిమిదయింది. అక్క చేతికర్రతో వాకిట్లో నిలబడి ఉంది. మా బట్టలు చూసి ఏమీ అడగలేదు, నీళ్ళు కాగబెట్టింది.

పొద్దున వాన తెరిపిచ్చాక అబ్బాయి రెండు వెనక లింకులూ మెతక రంధ్రంలో బిగించాడు, ముందువి మధ్య రంధ్రానికి మార్చాడు. అక్క కుర్చీ వేయించుకుని చూస్తూ, "ఏది కొండకో, ఏది ఆటకో గుర్తెలా?" అంది. గుర్తు లేదన్నాడు. లోపలికి వెళ్ళి ఎర్ర తిలకం సీసా తెచ్చి ఇచ్చింది. కొండ రంధ్రాల పక్కన ఎర్రచుక్క పెట్టాడు. ఆ తిలకం గ్రీజు మీద ఎన్నాళ్ళుంటుంది? కోయంబత్తూరు రాగానే పెయింటుతో దిద్దుకున్నాడు. నోటు పుస్తకంలో ఇప్పుడు రెండు పుటలున్నాయి, ఒకటి చెట్టిపాళయానికి, ఒకటి వాల్పారైకి. వాన అని ఒక వరుస రెండింటిలోనూ ఉంది.

దిగేటప్పుడు 9వ మలుపు దగ్గర మళ్ళీ ఆగాం. ఈసారి ఎండ కాసింది. రోడ్డు పిట్టగోడ మీద వరైయాడులు మూడు, ఒకటి పిల్లది, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడి ఉన్నాయి. అబ్బాయి ఇంజను ఆపేశాడు.