సంతకం వెనక మనిషి

సెల్ఫీలొచ్చాక ఆటోగ్రాఫ్ అడిగేవాళ్లు తగ్గిపోయారు. నాకు మాత్రం ఇప్పటికీ సంతకాల పిచ్చే. అదీ సినిమా హీరోలవి కాదు, రాజకీయ నాయకులవి!

ఇదే పిచ్చి ఉన్న అమెరికా వాళ్లు బేస్‌బాల్ బంతుల కోసం వెతుకుతారు. 1910లో అధ్యక్షుడు టాఫ్ట్ ఓ మ్యాచ్‌కి తొలి బంతి విసిరి, తర్వాత దానిమీద సంతకం చేశారు. అలా తొలి బంతి విసరడం అక్కడి అధ్యక్షులకు ఆనవాయితీ అయింది. మన దగ్గర దొరికేవి డైరీ కాగితాలు, ఉత్తరాలు, పాత నోట్లు.

మాది ఆళ్లగడ్డ, అమ్మ వాళ్లది నంద్యాల. మా వైపు రాజకీయం మాట్లాడకుండా టీ గ్లాసు ఖాళీ కాదు. మాట్లాడ్డానికి మాకు సరుకూ ఉంది మరి! 1977లో రాష్ట్రంలోని 42 ఎంపీ సీట్లలో 41 కాంగ్రెస్‌కి పోతే, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాల. గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ జులైలోనే రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధాని పీవీ నరసింహారావుకు లోక్‌సభ సీటు కావాల్సొస్తే, గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి నంద్యాల వదిలారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థినే నిలబెట్టలేదు. పీవీ మెజారిటీ 5.8 లక్షలు!

నా దగ్గరున్న వాటిలో చవకైంది ఓ పాత రూపాయి నోటు. రూపాయి నోటు మీద ఆర్‌బీఐ గవర్నర్ సంతకం ఉండదు, కేంద్ర ఆర్థిక కార్యదర్శిది ఉంటుంది. 1970ల చివర్లో ఆ కార్యదర్శి మన్మోహన్ సింగ్. 1991లో ఆయన్ని ఆర్థిక మంత్రిని చేసింది పీవీయే.

అన్నిటికంటే విలువైంది మాత్రం తాత దగ్గరుంది. 1977 ప్రచారంలో సంజీవరెడ్డితో పెట్టించుకున్న సంతకం. చిన్న డైరీ కాగితం, వెలిసిపోయిన నీలి సిరా. ఆ మధ్య ఒకాయన ఫొటో చూసి కొంటానన్నాడు. “ఇది అసలుదేనని రుజువేంటి?” అనడిగాడు. రుజువు తాతే. ఆ తాతకేమో మతిమరుపు మొదలైంది. ఒక్కోసారి నన్ను మామ పేరుతో పిలుస్తున్నాడు.

అందుకే ఆదివారాలు ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల వెళ్తున్నా. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, “తాతా, ఆ రోజు సంగతి చెప్పు” అంటా. ఓ వారం పొద్దున అంటాడు, ఓ వారం చీకటి పడ్డాక అంటాడు. కానీ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ మారదు. “పెన్ను నాది గాదబ్బీ. పక్కనున్న ఆయప్ప జేబులోది అడిగి తీసుకుంటి. ఆ ఆయప్పకు తిరిగి ఇయ్యనేలేదు.” ఆ మాటన్న ప్రతిసారీ నవ్వుతాడు.

కాగితాన్ని అమ్మట్లేదు. ల్యామినేషన్ చేయించట్లేదు, ఎండ తగలకుండా దాచామంతే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది వేరే కాగితం మీద రాసి జతచేశాం.

మీ ఇంట్లో కూడా ఏ బీరువా అడుగునో ఇలాంటి కాగితం ఉండొచ్చు. దానికి తొందరేం లేదు, ఇంకో యాభై ఏళ్లు ఉంటుంది. ముందు దాన్ని తెచ్చిన మనిషి గొంతు రికార్డ్ చేసుకోండి.