టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?

బందరులో, గుడివాడలో, దివిసీమ పల్లెల్లో పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డ ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నో ఇళ్ల పోర్టికోలోనో, పెరట్లో రేకుల షెడ్డులోనో గుడ్డ కప్పిన పాత కారొకటి కనిపిస్తుంది. ఇంటి పెద్దాయనకు చూపు తగ్గి నడపడం మానేసి ఉంటారు. అమ్మడానికి మనసొప్పదు. పిల్లలు వచ్చినప్పుడు పనికొస్తుందిలే అని ఉంచుతారు. విదేశాల్లో ఉన్న ఆ పిల్లలం మేం, ఏడాదికో, రెండేళ్లకో వచ్చి తాళం తిప్పుతాం. బండి కదలదు, కదిలినా దారిలో ఆగిపోతుంది. "పాతదైపోయింది, ఇంకేం పనిచేస్తుంది" అనేస్తారు అందరూ. ఆ మాటతో నాకు పేచీ ఉంది. బండి ఆగిందంటే దానికి కారణం ఉంటుంది. వరసగా వెతికితే అది దొరుకుతుంది. మా వైపు కార్లలో చాలాసార్లు ఆ కారణం నెలల తరబడి కదలకుండా నిలబడి ఉండటమే.

మా నాన్న బడిపంతులు. 1990లలో గుడివాడ రైసుమిల్లు యజమాని ఒకాయన వాడిన ప్రీమియర్ పద్మినిని కొన్నారు. మా వైపు దాన్ని పద్మిని అని పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ అది ఫియట్ కారే. ఇటలీ ఫియట్ 1100 నమూనాను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసింది. నాలుగు సిలిండర్లు, 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. బొంబాయిలో నలుపు, పసుపు రంగుల టాక్సీలంటే ఇవే. వయసు పరిమితి దాటడంతో 2023 అక్టోబరు 30 నుంచి అక్కడి టాక్సీల్లో ఇవి లేకుండా పోయాయి. అవనిగడ్డ, చల్లపల్లి ప్రాంతాల్లో ఒకప్పుడు డాక్టర్లు, ప్లీడర్లు, మిల్లులవాళ్లు వీటిలోనే తిరిగేవారు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నను కంటి పరీక్షకు గుడివాడ తీసుకెళ్దామని ఆ ఫియట్ బయటికి తీశాను. కొత్త బ్యాటరీ వేయించాం. సెల్ఫ్ బాగానే కొట్టింది, ఇంజిను అందుకుంది. పులిగడ్డ దాటి, మోపిదేవి మీదుగా చల్లపల్లి దాకా హాయిగా వచ్చింది. కూచిపూడి దగ్గర పడుతుండగా బండి ఊగిసలాడింది, దగ్గింది, ఆగిపోయింది. కాసేపు పక్కన నిలిపి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. పామర్రు సెంటరు ఇంకా రాకముందే మళ్లీ అదే వరస. ఈసారి నాన్న కిందికి దిగి, ఎరిగిన మెకానిక్కుకు ఫోను చేశారు.

ఆయన నాన్న కంటే కాస్త చిన్న. మోటారు సైకిలు మీద వచ్చి, బానెట్టు వైపు చూడకుండా ముందు నన్నే అడిగారు. "బాబూ, టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?"

"దగ్గి దగ్గి ఆగింది బాబాయ్."

"ఆగినాక సెల్ఫ్ తిరిగిందా? కాసేపుంటే మళ్లీ లేచిందా?"

"తిరిగింది. లేచింది."

"అయితే కరెంటు కాకపోవచ్చు. పెట్రోలు చూద్దాం. ముందు కరెంటు సంగతి తేల్చేసి చూద్దాం."

ఆ రెండు ప్రశ్నల్లోనే సగం పని అయిపోయింది. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు మీదికి పోవాలి. కాయిల్, కండెన్సర్, ఊడిన వైరు, పాయింట్లు చూడాలి. లాగలేక, ఊగి, దగ్గి ఆగితే పెట్రోలు అందడం లేదన్నమాట. వేడెక్కాక ఆగి, చల్లారాక లేచే రకం ఇంకొకటుంది. అందులో కాయిల్, కండెన్సర్ కూడా ముద్దాయిలే. వేడికి లోపలి చుట్టలూ పొరలూ పట్టు తప్పి, చల్లారితే మళ్లీ పనిచేస్తాయి. అందుకే బండి ఆగిన వెంటనే, చల్లారకముందే స్పార్క్ చూడాలని ఆయన తొందరపెట్టారు.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే లావు వైరు ఊడదీసి, దాని కొస ఇంజిను ఇనుముకు కొద్ది దూరంలో ఉండేట్టు రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నారు. నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. నీలం రంగు నిప్పురవ్వ టక్ టక్ మని దూకింది. "పచ్చగా, నీరసంగా వస్తే కండెన్సర్‌నో పాయింట్లనో అనుమానించాలి. ఇది బాగుంది" అన్నారు. అనుమానాల లెక్కలోంచి కరెంటును కొట్టేశాం.

ఆ నిప్పురవ్వ చూసినప్పుడు నా మనసు మరో ఊరికి వెళ్లింది. నేను ఒహాయోలో, డేటన్ పక్కనే ఉన్న కెట్టరింగ్‌లో ఉంటాను. ఆ ఊరు ఛార్లెస్ కెట్టరింగ్ పేరు మీద వెలసింది. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి ఆయన డేటన్‌లో డెల్కో కంపెనీ పెట్టాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నిప్పు పుట్టించే పద్ధతిని కార్లకు నమ్మకంగా అమర్చింది ఆయనే. చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజిను లేపే రోజుల్లో అది ఎదురు తన్ని ఎందరి చేతులో విరిగేవి. ఆ బాధ తీర్చిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది, అదీ ఆయనదే. అమెరికా కార్లలో పాయింట్ల పద్ధతి 1970లలోనే వెనక్కి తగ్గింది. దాన్ని అరచేతి గీతల్లా ఎరిగిన మనిషిని నేను చూసింది మాత్రం పామర్రులోనే. ఒహాయోలో నా కారుకు పరికరం తగిలిస్తే తప్పు కోడ్ చెబుతుంది. 1996 నమూనా నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఆ సదుపాయం తప్పనిసరి. అయితే కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే. ఎందుకు జరిగిందో తేల్చాల్సింది మనిషే. ఆ తేల్చే పద్ధతిని నాకు చూపించింది ఈ బాబాయ్.

పెట్రోలు వైపు వెళ్లేముందు ఆయన కాయిల్ వైరు తీసేశారు, స్పార్క్ అసలు రాకుండా. పెట్రోలు బయట ఉన్నప్పుడు నిప్పురవ్వ దగ్గర్లో ఉండకూడదు. కార్బొరేటర్‌కు చేరే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, పంపు ఒక్కో దెబ్బకు కాస్త పెట్రోలు చిమ్మింది. నాలుగు దెబ్బలకే సన్నగిల్లి, గాలి బుడగలు వచ్చాయి. పంపు చెడిందా, పంపుకే పెట్రోలు రావడం లేదా? ట్యాంకు మూత తీసి చెవి పెట్టారు. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు, మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. ఆ చప్పుడు లేదు.

తర్వాత చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. పంపుకు వచ్చే గొట్టాన్ని ట్యాంకు నుంచి విడదీసి, శుభ్రమైన పెట్రోలున్న సీసాలో ముంచారు. ఇంజిను లేచింది, చాలాసేపు ఒకే గొంతుతో ఆడింది. పంపు, కార్బొరేటర్, ఇంజిను అన్నీ నిర్దోషులని తేలింది. దోషం ట్యాంకులోనో, అక్కడి నుంచి వచ్చే గొట్టంలోనో ఉంది. సైకిలు పంపుతో ఆ గొట్టంలోకి వెనక్కి గాలి కొడితే ముందు మొరాయించి, తర్వాత ట్యాంకులో బుడబుడమంది. నోటితో మాత్రం ఊదకూడదు, పీల్చకూడదు. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

బండిని గుడివాడ షెడ్డుకు చేర్చి ట్యాంకు దించాక విషయం తేటతెల్లమైంది. అడుగున ఎర్రని తుప్పు రేకులు, బురద లాంటి మడ్డి. ఇంజిను పీల్చేటప్పుడు ఆ రేకులు కొట్టుకొచ్చి గొట్టం మూతికి అడ్డం పడుతున్నాయి. బండి ఆగి లాగుడు తగ్గగానే రాలి కిందికి పోతున్నాయి. కాసేపుంటే మళ్లీ కదలడంలో మర్మం అదే. రబ్బరు గొట్టం ముక్కొకటి కూడా లోపల ఉబ్బి సందు ఇరుకైపోయింది. ట్యాంకు కడిగించి, కొత్త గొట్టాలు వేసి, పంపుకు ముందు లోపలి మడ్డి కనిపించే ఫిల్టర్ పెట్టించాం. కార్బొరేటర్ జెట్లు శుభ్రం చేశారు. ఇంజిను జోలికి పోలేదు, కాయిల్ మార్చలేదు, పంపు మార్చలేదు. అవసరం లేని సామాను ఒక్కటీ కొనలేదు.

ట్యాంకు అలా ఎందుకైంది? సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలి. మాది సముద్రపు గాలి తగిలే నేల. రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలోని తేమ రేకుకు పట్టి నీరై అడుగుకు చేరుతుంది. పెట్రోలు కంటే నీరు బరువు. నెలల తరబడి కదలకపోతే అక్కడే తుప్పు రాజుకుంటుంది. దీనికి తోడు 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025కల్లా దేశమంతటా పరుచుకుంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మోతాదు మించితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి కదిలిస్తుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బిస్తుంది. రోజూ తిరిగే కారులో పెట్రోలు మారుతూ ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. షెడ్డులో నిలబడ్డ కారుకు అదే శాపం.

డెల్టాలో కారుకు శత్రువులు ఇంకా ఉన్నారు. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగించిన చోట్లు పాచిపడతాయి. పైకి బిగువుగానే కనిపిస్తాయి, లోపల కరెంటు పోదు. సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటే బ్యాటరీని తిట్టేముందు ఈ రెండు చోట్లు విప్పి, గీకి, బిగించాలి. పాయింట్ల మీదా పొర పడుతుంది, సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది. సంక్రాంతి రోజుల మంచుకు డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పట్టి బండి లేవదు, పొడిగుడ్డతో తుడిస్తే లేస్తుంది. సార్వా కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్ల వైపు వచ్చి వైర్లు కొరుకుతాయి. మే ఎండల్లో పెట్రోలు పంపులోనే ఆవిరై, పంపు లాగలేక బండి ఆగుతుంది. దాన్ని మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు. నీడన నిలిపి పంపు మీద తడిగుడ్డ వేస్తే చల్లబడి సర్దుకుంటుంది.

వరద మాట వేరుగా చెప్పాలి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన సీమ మాది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చింది. నీళ్లలో నిలిచిన కారుకు సెల్ఫ్ కొట్టనే కూడదు. ఇంజినులోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గులు విప్పి నీరంతా పోయేలా చూసి, ఆయిల్ మార్చాకే తాళం తిప్పాలి.

ఈ అనుభవం నుంచి నేను పట్టుకున్న సూత్రాలు చిన్నవే. సెల్ఫ్ తిరుగుతోందా, స్పార్క్ ఉందా, పెట్రోలు అందుతోందా, గాలి ఆడుతోందా, ఈ వరస తప్పకూడదు. ఒకేసారి రెండు సామాన్లు మార్చకూడదు, మారిస్తే ఏది జబ్బో ఎన్నటికీ తెలియదు. అన్నిటికంటే ముందు బండి ఎలా ఆగిందో గుర్తుపెట్టుకుని మెకానిక్కుకు సరిగా చెప్పాలి.

మేం దూరాన ఉన్నా చేయగలిగింది ఉంది. ఇంటి దగ్గర తమ్ముడి వరసవాడికి తాళం ఇచ్చి, వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పమని చెప్పాను. షెడ్డులోనే అయిదు నిమిషాలు ఇంజిను ఆడించి కట్టేయడం వల్ల మేలు లేదు. సెల్ఫ్ వాడుకున్న కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు, పొగగొట్టంలో చెమ్మ ఆరదు. ట్యాంకు నిండుగా ఉంచమన్నాను. చాలా నెలలు కదలదని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేయించి, బ్యాటరీ వైరు తీసేయడం మేలు. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ తేదీ కూడా రాసిపెట్టాను.

పాయింట్లు సరిచేసే చేతులు మా వైపు తగ్గిపోతున్నాయి. కుర్ర మెకానిక్కులు కొత్త కార్ల పనిలో ఉన్నారు, అది వాళ్ల బతుకుతెరువు. బాబాయ్ లాంటివాళ్ల దగ్గర ఉన్నది పాత ఫియట్ ఒక్కదానికి పనికొచ్చే విద్య కాదు. లక్షణం అడిగి, ఒక్కొక్క అనుమానాన్నీ రుజువుతో కొట్టేస్తూ కారణం దాకా నడిచే పద్ధతి ఏ యంత్రానికైనా చెల్లుతుంది. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ నాన్నగారి కారు ఆగితే వెంటనే అమ్మకానికి పెట్టకండి. మీ ఊరి పాత మెకానిక్కును పిలవండి. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కన నిలబడి, ఏది ఎందుకు చూస్తున్నారో అడగండి. వీలైతే ఊళ్లో ఒక కుర్రాణ్ణి కూడా ఆ పక్కన నిలబెట్టండి. ఆయనకు ఇచ్చే కూలిలో ఆ నేర్పినదానికి కూడా లెక్కకట్టి ఇవ్వండి.